అరల నిండా ఆటలే, ఆడే సాయంత్రమే దొరకడం లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉద్యోగం, భార్య, తొమ్మిదేళ్ల పాప. కొన్నేళ్లుగా బోర్డ్ గేమ్‌లంటే పిచ్చి. ఇంట్లో అరవై దాకా పెట్టెలున్నాయి, సగానికి సీల్ కూడా తీయలేదు. రంగులు వేద్దామని కొన్న యుద్ధం బొమ్మలు బూడిద రంగు ప్లాస్టిక్‌గానే పడున్నాయి. నలుగురు స్నేహితులం వారానికోసారి ఆడదాం అనుకుంటాం, ఎవరో ఒకరు ఆఖరి నిమిషంలో రానంటారు, ప్రోగ్రాం క్యాన్సిల్. కూర్చున్న రోజున కూడా నేను రూల్స్ చెప్పడం పూర్తయ్యేసరికి అందరూ ఫోన్లలో ఉంటారు. మొన్న ఇద్దరు రాకపోతే మిగిలిన ఇద్దరం కాలక్షేపానికి కార్కసాన్ వేశాం, ఒకటి కాగానే ఇంకొకటి, మూడు ఆటలు ఆడాం, అది వేరే సంగతి. మా ఆవిడ ఇవన్నీ పిల్లాటలంటుంది. టేబుల్ మీద నాలుగు రోజులు ఆట పరిచి ఉంచితే పెద్ద గొడవ. విసుగొచ్చేసింది. మొత్తం అమ్మేయమంటారా? గ్లూమ్‌హేవెన్ అనే పెద్ద కథ ఆట కూడా ఉంది, ఇంకా తెరవలేదు, దాన్ని అమ్మాలంటే మాత్రం మనసొప్పడం లేదు.

జవాబు: అమ్మేయకండి. కనీసం ఇప్పుడే వద్దు. విసుగులో అమ్మితే ముందు పోయేవి మంచివే, ఎందుకంటే అడిగేవాళ్లు వాటినే అడుగుతారు, చివరికి ఎవరూ ముట్టని పెట్టెలే మీకు మిగులుతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాటను మీరే "అది వేరే సంగతి" అని పక్కకు నెట్టేశారు. అసలు సంగతే అదండీ. ఉత్తరం మొత్తమ్మీద మీరు సరదాగా ఆడిన ఆట గురించి రాసింది ఆ ఒక్క చోటే, మిగతాదంతా కొన్నవాటి గురించీ, కుదరనివాటి గురించీ. ఆ రోజు ఉన్నది ఇద్దరే. కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఆట ముప్పావుగంటలో తేలిపోతుంది, ఓడినవాడు ఇంకోటి వేద్దాం అంటాడు. కార్కసాన్ 2000లో వచ్చిన ఆట, పెట్టెలో 72 పలకలు, మీ వంతు రాగానే ఒక పలక తీసి పెట్టాలి, కావాలంటే దాని మీద మీ మనిషి బొమ్మ ఒకటి నిలబెట్టాలి, లెక్కలు చూసుకోవాలి, అంతే. మీ అరలో దానికంటే గొప్ప ఆటలు పాతిక ఉండొచ్చు, కాదనను. ఆ సాయంత్రానికి సరిపోయింది మాత్రం అదే.

నాకు అర్థమైనంతవరకూ మీరు ముందు ఆటను ఎంచుకుని, ఆ తర్వాత దానికి తగ్గ సాయంత్రం కోసం కాచుకు కూర్చుంటున్నారు. నలుగురూ రావాలి, మూడు గంటలు ఖాళీ ఉండాలి, మర్నాడు పొద్దున్నే ఎవరికీ పని ఉండకూడదు, అందరికీ బుర్ర పనిచేస్తూ ఉండాలి. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న నలుగురికి ఇవన్నీ ఒకే రోజు కలిసి రావడం ఎప్పుడో గానీ జరగదు. ఈలోగా ఆడాలన్న కోరిక ఊరుకోదు కదా, దాన్ని ఏదోలా తీర్చుకోవాలి, అందుకని ఇంకో పెట్టె కొంటారు. కొన్న రోజు బాగానే ఉంటుంది. అలా అరవై అయ్యాయి. తిరగేసి చూడండి: ఎవరొచ్చారో, ఎంతసేపుంటారో, ఎంత అలిసిపోయి వచ్చారో చూసి, అప్పుడు అర దగ్గరికి వెళ్లండి.

దీనికి మొదట చేయాల్సింది క్యాన్సిల్ అనే మాటను ఎత్తేయడం. వారంలో ఒక రోజు, ఒక టైమ్ పెట్టేయండి, ఆ రోజు ఎంతమంది వస్తే అంతమందితో ఆట ఉంటుందని ముందే చెప్పేయండి. ఇద్దరొస్తే ఇద్దరి ఆట, ముగ్గురొస్తే ముగ్గురి ఆట. "ఈ వారం ఎవరికి ఎప్పుడు కుదురుతుంది" అని గ్రూపులో అడగడం మానేయండి, అడిగిన కొద్దీ తలో రోజు చెబుతారు, చివరికి ఏ రోజూ కుదరదు. ఇంకో సంగతి కూడా ఉంది. నేను రాకపోతే మొత్తం ఆగిపోతుంది అన్న బరువు నెత్తిన ఉంటే, మనిషి ముందే మొహం చాటేస్తాడు. నేను రాకపోయినా వాళ్లు ఆడుకుంటారు, నవ్వుకుంటారు, రేపు దాని గురించే మాట్లాడుకుంటారు అని తెలిస్తే మాత్రం ఎలాగోలా తీరిక చేసుకుంటాడు. మీ నలుగురిలో తరచూ ఎగ్గొట్టే ఆయనకు ఇది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఇక ఆ రూల్స్ గొడవ. ఇక్కడ తప్పు మీ స్నేహితులది కాదు, కాస్త మీదే, ఏమనుకోకండి. మీరు రూల్ బుక్‌లో ఉన్న వరుసలోనే చెబుతున్నట్టున్నారు. ఆ పుస్తకం రాసింది సందేహం వస్తే వెతుక్కోవడానికి. దాన్ని మొదటి పేజీ నుంచి వినిపిస్తే ఎవరైనా ఫోన్ తీస్తారు, నేనైనా తీస్తాను.

టికెట్ టు రైడ్ మీ దగ్గర ఉండే ఉంటుంది, 2004 నాటిది, ఈ పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో అది లేని ఇల్లు తక్కువ. దాన్నే తీసుకుందాం. మొదట గెలుపు సంగతి చెప్పండి: "మ్యాప్ మీద రైలు దారులు వేసుకుంటూ పోవాలి, ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టు. మీ చేతిలో టికెట్లు ఉన్నాయి, ఆ ఊరి నుంచి ఈ ఊరికి దారి కలిపితే పాయింట్లు వస్తాయి, కలపలేకపోతే అన్నే పోతాయి." ఆ వెంటనే వంతు గురించి: "మీ వంతులో మూడింట్లో ఒక్కటే చేయగలరు. రెండు రంగు కార్డులు తీసుకోవచ్చు, ఒక దారి వేసుకోవచ్చు, కొత్త టికెట్లు తీసుకోవచ్చు." ఇంత చెప్పి ఆపేసి ఆట మొదలుపెట్టండి. ఒక రైలు పెట్టె పట్టే దారికి 1 పాయింట్, ఆరు రైలు పెట్టెలు పట్టే దారికి 15 అన్నది బోర్డు మీదే రాసి ఉంటుంది, ఎవరైనా పొడవాటి దారి వేయబోయినప్పుడు చూపిస్తే చాలు. పైకి కనిపిస్తున్న ఇంజిన్ కార్డు (ఏ రంగుకైనా పనికొచ్చేది) తీసుకుంటే రెండో కార్డు రాదన్న సంగతి, ఎవరో దాని మీద చెయ్యి వేసినప్పుడు చెప్పండి, అప్పుడైతే ఇక మర్చిపోరు. ముగింపు మాత్రం దాచకండి, ఎవరి దగ్గరైనా రైలు పెట్టెలు రెండో అంతకంటే తక్కువో మిగిలితే తలా ఒక వంతు ఆడి ఆట అయిపోతుందని మొదట్లోనే చెప్పాలి. అది తెలియకుండా ఓడినవాడికి వచ్చే కోపం న్యాయమైనదే. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు.

పెద్ద ఆటలకూ పద్ధతి ఇదే, సమయమే కాస్త ఎక్కువ పడుతుంది. ముందురోజు రాత్రి మీరొక్కరే బోర్డు పరిచి, ఇద్దరి తరఫునా మీరే నాలుగు వంతులు ఆడి చూడండి. ఎక్కడ తడబడతారో అక్కడే రేపు వాళ్లూ తడబడతారు. వాళ్లు వచ్చేసరికి టోకెన్లు విడదీసి, కార్డులు కలిపి, అన్నీ సిద్ధంగా ఉండాలి. స్నేహితులు కుర్చీల్లో కూర్చుని మీరు ప్లాస్టిక్ కవర్లు విప్పడం చూస్తూ ఉంటే ఉత్సాహం అక్కడే నీరుగారిపోతుంది.

మీ ఆవిడ మాట దగ్గరికి వద్దాం. పిల్లాటలు కావని ఆవిడను ఒప్పించే ప్రయత్నం దయచేసి చేయకండి. జర్మనీలో ఈ ఆటలకు 1979 నుంచి ఏటా ష్పీల్ డెస్ యారెస్ అనే అవార్డు ఇస్తున్నారని, పెద్దపెద్దవాళ్లు వాటిని తయారుచేస్తారని చెప్పి ఒక్క మాటలో గెలవొచ్చు అనిపిస్తుంది, గెలవలేరు. (ఆ అవార్డు జాబితా మీకు మాత్రం పనికొస్తుంది. అది ఎక్కువగా ఇంటిల్లిపాదీ ఆడుకోదగ్గ తేలిక ఆటలకే ఇస్తారు. కార్కసాన్‌కు 2001లో, టికెట్ టు రైడ్‌కు 2004లో వచ్చింది. మీ సీల్ తీయని వాటిలో ఆ ముద్ర ఉన్నవి ఏవైనా ఉంటే, అలిసిపోయిన సాయంత్రాలకు ముందు వాటిని పక్కన పెట్టుకోండి.) మీరే రాశారు, గొడవ ఎక్కడ వచ్చిందో: టేబుల్ నాలుగు రోజులు మీ ఆటే ఆక్రమించింది. ఆవిడ కోపం ఆ టేబుల్ మీద. పిల్లాటలన్నది ఆ కోపంలో చేతికందిన మాట. ఏ రోజు ఆట ఆ రోజే తీసేస్తానని మాటివ్వండి, నిలబెట్టుకోండి. మధ్యలో ఆపాల్సిన ఆటైతే ఫోన్‌తో బోర్డు ఫోటో తీసుకుని, ఎవరి కార్డులు, టోకెన్లు వాళ్ల పేరు రాసిన కవర్లో వేసి పెట్టేయండి, మళ్లీ పరచడానికి పది నిమిషాలు చాలు. లేదా మంచం కింద దూరేంత పెద్ద ప్లైవుడ్ చెక్క ఒకటి చేయించుకుని ఆట దాని మీదే ఆడండి. అది కూడా చేయలేనంటే పెద్ద ఆటలు మీకొద్దు.

ఆవిడ కూడా ఆడితే బాగుంటుందని మీ మనసులో ఉందో లేదో రాయలేదు. ఉంటే చెబుతున్నాను. అందరూ ఒకే పక్షాన ఉండి ఆడే ఆటలు మొదలుపెట్టమని సలహా ఇస్తుంటారు, 2008లో వచ్చిన పాండమిక్ లాంటివి, రోగాలు ప్రపంచమంతా వ్యాపించకుండా కలిసి ఆపాలి. మంచి ఆటే, మీ ఇంట్లో మాత్రం అది బెడిసికొడుతుందని నా భయం. మీకు ఆట తెలుసు, ఆవిడకు తెలియదు, వంతుకు నాలుగు పనులు చేయొచ్చు, ఆ నాలుగూ ఏమేం చేయాలో మీరే చెప్పేస్తారు, ఆవిడ బొమ్మను జరపడానికి మాత్రమే అక్కడ ఉంటారు. రెండోసారి పిలిస్తే రారు.

దానికంటే హనాబి మేలు. చిన్న పేకముక్కల ఆట, 50 కార్డులు, ఐదు రంగులు, అరగంట లోపే అయిపోతుంది. ఇందులో మీ చేతి కార్డులు మీకు కనపడకుండా బయటికి తిప్పి పట్టుకోవాలి. మీవి ఆవిడకు కనిపిస్తాయి, ఆవిడవి మీకు కనిపిస్తాయి, ఎవరివి వాళ్లకు తెలియవు. ప్రతి రంగులోనూ ఒకటి నుంచి ఐదు దాకా వరుసగా పేర్చాలి. మీ వంతులో ఆవిడకు ఒక సూచన ఇవ్వొచ్చు, అదీ ఒక రంగు గురించో ఒక అంకె గురించో మాత్రమే, "ఇవి రెండూ ఎర్రవి" లేదా "ఇదొక్కటే ఐదు" అన్నట్టు. సూచనల టోకెన్లు ఎనిమిదే ఉంటాయి, అయిపోతే ఒక కార్డు పారేసి ఒక టోకెన్ వెనక్కి తెచ్చుకోవాలి, ఆ పారేసే కార్డేమిటో మీకు తెలియదు. మూడు తప్పులు చేస్తే ఆట ముగిసినట్టే. ఇందులో మీరు ఎంత పండితులైనా ఆవిడకు ఆజ్ఞలు వేయలేరు, మీ కార్డులు చూడగలిగేది ఆవిడే కనుక. పైగా ఆవిడ "ఇది ఎర్రది" అన్నప్పుడు అది ఎందుకు చెప్పిందా అని మీరు తల గోక్కుంటుంటే చూడటం ఆవిడకు సరదాగా ఉంటుంది, అది నేను హామీ ఇవ్వగలను. ఒక్క జాగ్రత్త: ఆడేటప్పుడు కనుబొమలు ఎగరేయడం, నిట్టూర్చడం కూడా సూచన కిందే లెక్క. ఆట అయ్యాక "నువ్వు ఆ రెండు ఎందుకు పారేశావ్" అని పోస్ట్‌మార్టం మొదలుపెట్టారంటే మళ్లీ మొదటికొస్తుంది.

రంగులు వేయని బొమ్మల సంగతి. అది ఆటలతో కలిసి మిమ్మల్ని బాధిస్తోంది గానీ నిజానికి అది వేరే హాబీ, దానికి ఇంకెవరూ అక్కర్లేదు, ఏ స్నేహితుడూ క్యాన్సిల్ చేయలేడు. మీ ఇబ్బంది వాటన్నిటినీ ఒకేసారి చూడటం వల్ల వచ్చింది. ఐదు బొమ్మలు బయట పెట్టుకుని మిగతావి కంటికి కనపడకుండా పెట్టేయండి. పాప పడుకున్నాక అరగంట. ముందు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి అడుగున వేసే పూత, స్ప్రే అయితే గాలి తడిగా ఉన్న రోజున మాత్రం వద్దు, పైన పొడిపొడిగా గరుకుగా తయారవుతుంది. తర్వాత ఐదింటికీ ఒకే రంగు, ఐదు బట్టలు, ఆ తర్వాత ఐదు చర్మాలు, అలా. రంగును నీళ్లతో పల్చన చేసి రెండు పూతలు వేయండి, చిక్కగా ఒకే పూత వేస్తే బొమ్మ మొహంలో ఉన్న ముక్కూ నోరూ పూడిపోతాయి. ఆరాక ముదురు రంగు వాష్ (నీళ్లలా పల్చని రంగు) వేస్తే అది మడతల్లోకి దిగి నీడలు దానంతటదే వస్తాయి. చివర్న బ్రష్‌కు లేత రంగు అద్ది, టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ కాస్తతో అంచుల మీద ఆడిస్తే చాలు. టేబుల్ మీద మూరెడు దూరం నుంచి చూడ్డానికి అది సరిపోతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే వాటితో పోల్చుకోకండి, అవి చేసేవాళ్లు ఒక్కో బొమ్మ మీద రోజుల తరబడి కూర్చుంటారు. బ్రష్‌లో రంగును ఆ ఇనుప పట్టీ దాకా ఎక్కనివ్వకండి, నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి మర్చిపోకండి, మొన వంగిపోతే ఇక నిటారుగా రాదు. మీ పాపకు తొమ్మిదేళ్లు కదా, ఒక బొమ్మ పూర్తిగా ఆ పిల్లకే ఇచ్చేయండి, పచ్చ గుర్రం వేసినా ఊదా జుట్టు వేసినా నోరెత్తకండి. అది కూడా మీ సైన్యంలోనే నిలబడాలి.

అర విషయంలో నేను కాస్త కఠినంగా ఉంటాను. సీల్ తీయని వాటిలో ఒకటి ఆడితేనే ఇంకొకటి కొనాలి. ఆడని ఆటకు ఎక్స్‌పాన్షన్ (అదే ఆటకు విడిగా అమ్మే అదనపు పెట్టె) అసలే వద్దు, ఆడిన ఆటకైనా నాలుగైదు సార్లు ఆడి "ఇంకొంచెం ఉంటే బాగుండు" అని మీతో ఆడేవాళ్లు అంటేనే కొనండి. ముందే డబ్బు కట్టించుకుని ఏడాదికో రెండేళ్లకో పంపించే క్రౌడ్‌ఫండింగ్ ఆటల జోలికి కొంతకాలం పోకండి. పెట్టె వచ్చేసరికి మీ గ్రూప్ ఎలా ఉంటుందో, మీకు ఖాళీ ఎంత ఉంటుందో ఎవరికి తెలుసు, వాటిలో బొమ్మలు ఎక్కువ కాబట్టి చూడగానే చెయ్యి జేబులోకి పోతుంది, అదే వాళ్లకూ కావాలి. కార్డులకు స్లీవ్‌లు, అదే ప్లాస్టిక్ తొడుగులు, వేయడం కూడా మీరు ఎక్కువగా కలిపే ఆటలకే చాలు, సీల్ తీయని ఆట కోసం ముందుగా స్లీవ్‌లు కొనిపెట్టుకోవడం నేను చూశాను, అది జబ్బు. ఒకే రకం ఆటలు రెండు మూడు ఉంటే మీ స్నేహితులు అడిగి ఆడించుకునేది ఉంచండి, మిగతావి ఇచ్చేయండి. అమ్మే ముందు రూల్ బుక్‌లో పెట్టెలో ఏమేం ఉండాలో జాబితా ఉంటుంది, దాని ప్రకారం ముక్కలు లెక్కపెట్టండి, ఒక్క టోకెన్ తగ్గినా కొన్నవాడు పాపం ఇరుక్కుంటాడు.

మిగిలింది గ్లూమ్‌హేవెన్. 2017 నాటి ఆట, ఒకరి నుంచి నలుగురు దాకా ఆడొచ్చు, పెట్టె బరువు పది కిలోల దాకా ఉంటుంది. కథ 95 ఘట్టాలుగా సాగుతుంది, ఒక్కోదానికి, పరచడం సర్దడంతో కలిపి, రెండు మూడు గంటలు వేసుకోండి. పదిహేను రోజులకోసారి కూర్చున్నా అన్నీ ఆడాలంటే మూడున్నరేళ్లు దాటుతుంది. అన్నీ ఆడాల్సిన పని లేదు, ప్రధాన కథ పూర్తి చేయడానికి అందులో సగం చాలు, కానీ వారం వారం వచ్చిపోయే గుంపుతో సాగే ఆట కాదది. పైగా మొదలుపెట్టాక మ్యాప్ మీద స్టిక్కర్లు అతికిస్తారు, సీల్ చేసిన పాత్రల పెట్టెలు ఒక్కొక్కటీ తెరుస్తారు, అక్కడితో కొత్త పెట్టె విలువ పోతుంది. కాబట్టి తొందరపడి తెరవకండి, తొందరపడి అమ్మనూ వద్దు. పైన చెప్పిన రోజు పద్ధతి మూడు నెలలు నడిపించండి. ఆ మూడు నెలల్లో ఒకే ఇద్దరు దాదాపు ప్రతి వారం వచ్చారంటే, ఆ ఇద్దరినీ అడిగి, ముగ్గురూ సరే అంటే కవర్ చింపండి. వచ్చేవాళ్లు ప్రతిసారీ మారుతూ ఉంటే మాత్రం సీల్ ఉండగానే అమ్మేయండి, మనసొప్పకపోయినా సరే. వచ్చిన డబ్బుతో ఏం కొనాలన్నది అప్పుడు మళ్లీ రాయండి, కొనకుండానే రాయండి.